సౌండు జర పెంచు బిడ్డా!

'సౌండు జర పెంచు బిడ్డా!'

కారెక్కి సీటు బెల్టు పెట్టుకోగానే మా బాపు అనే మొదటి మాట ఇదే. హైదరాబాద్ నుంచి పండక్కి చెన్నూరు వెళ్లినప్పుడల్లా ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, అందరం కలిసి మంచిర్యాల దాకా ఓ చుట్టు వెళ్లిరావడం మాకు అలవాటు. ఊళ్లో 15 దగ్గర మొదలైన సౌండు భీమారం వచ్చేసరికి 22 అవుతుంది. జైపూర్ దాటేసరికి 28. వెనక సీట్లో మా ఆవిడ తల పట్టుకుంటుంది. ఏడేళ్ల మా పాప రెండు చెవులూ మూసుకుంటుంది. అవ్వ మాత్రం ఏమీ అనదు. కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ కూర్చుంటుంది.

'ఇంకెంత పెంచాలె బాపూ, డబ్బా పగులుతది' అన్నానోసారి.

'సౌండు అస్తున్నది గని... మాట సాఫ్‌గ లేదురా' అన్నాడు.

ఆ 'సాఫ్‌గ లేదు' అన్న మాట నన్ను పట్టుకుంది. నిజమే, మాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న కారు. కంపెనీ బిగించి ఇచ్చిన స్పీకర్లు రెండే. అవీ ముందు తలుపుల్లో, మోకాళ్ల కింద. పాట ఎవరో దుప్పట్లోంచి పాడుతున్నట్టుంటుంది. ఇంకేం... తప్పు స్పీకర్లదేనని తీర్పు చెప్పేశాను. దసరా సెలవుల్లో ఇంటి దగ్గరే, నా చేతుల్తోనే వాటిని మార్చేయాలని నిర్ణయించుకున్నాను.

పాట ముందు... బాపు వెనక!

మా ఇంట్లో పాటంటే బాపే. రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గొంతు వినపడితే ఆయన పళ్లెం ముందు నుంచి లేచేవాడట. తర్వాత వివిధభారతి. ఆ తర్వాత టేప్ రికార్డరు. ఘంటసాల పాటల క్యాసెట్లు మా ఇంట్లో అటక మీద ఇప్పటికీ ఉన్నాయి. రీలు బయటికొస్తే పెన్సిల్ పెట్టి తిప్పడం నాకు నేర్పింది ఆయనే. 1951లో వచ్చిన 'మల్లీశ్వరి'ని ఆయన ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు.

ఊరికి అవతల ఉన్న ఓ జిన్నింగ్ మిల్లులో బాపు ఫిట్టరు. పత్తి సీజన్ మొదలైతే రాత్రీ పగలూ తేడా ఉండేది కాదు. నైట్ షిఫ్టు దిగి తెల్లారుజామున సైకిల్ మీద వచ్చేవాడు. మా వీధి మలుపులో ముందు పాట వచ్చేది, వెనక బాపు వచ్చేవాడు. ఆ పాట వినగానే అవ్వ పొయ్యి మీద చాయ్ పెట్టేది. ఆయన మీసాలకూ, కనుబొమలకూ తెల్లటి దూది. చిన్నప్పుడు నేను దాన్ని చూసి నవ్వేవాణ్ని.

ఆ పాట ఎప్పుడు ఆగిపోయిందో మాకెవరికీ గుర్తులేదు. వయసు మీద పడుతోంది కదా, తగ్గించేశాడులే అనుకున్నాం. కబుర్లు కూడా తగ్గించేశాడు. చుట్టాలొస్తే 'బాగున్నరా' అని పలకరించి గద్దె మీదికి వెళ్లిపోతున్నాడు. 'మీ బాపుకి ఈమధ్య ఎవరితోనూ పడటం లేదు' అని అవ్వే నాతో అంది. పెద్దతనం చాదస్తమని సర్దిచెప్పుకున్నాం. కారెక్కితే మాత్రం అదే మాట... సౌండు జర పెంచు!

డబ్బా మీద 50... లోపల 20

కారులో పాట అనేది మనకు కొత్తదేమో గానీ, లోకానికి పాతదే. అమెరికాలో గాల్విన్ సోదరుల కంపెనీ 1930లో కార్లలో బిగించే రేడియో తయారుచేసి దానికి 'మోటరోలా' అని పేరు పెట్టింది. సెల్‌ఫోన్ల మీద మనం చూసిన పేరు అలా పుట్టింది. 1963లో ఫిలిప్స్ కంపెనీ చిన్న క్యాసెట్‌ను తెచ్చాక పాట ఎక్కడికంటే అక్కడికి వచ్చేసింది. మా వైపు జీపుల్లో, లారీల్లో ఆ క్యాసెట్లు మోగుతుంటే వింటూ పెరిగిన తరం మాది.

స్పీకర్లు కొందామని కోఠీ గుజరాతీ గల్లీకి వెళితే ముందు నాకు దొరికింది జ్ఞానం. కంపెనీవాళ్లు చిన్న కార్లలో ఖర్చు తగ్గించుకునేది ఎక్కువగా స్పీకర్ల దగ్గరేనట. సాధారణంగా పేపరు కోను, చిన్న అయస్కాంతం ఉంటాయి. గంభీరమైన శబ్దమూ, సన్నని శబ్దమూ రెండూ ఆ ఒక్క కోనే మోయాలి. సన్నని శబ్దాలకు 'ట్వీటర్' అని వేరే బుల్లి స్పీకరు ఉండాలి. అది చెవి ఎత్తుకు దగ్గరగా ఉండాలి. ఎందుకంటే సన్నని శబ్దం టార్చిలైటు వెలుగులా తిన్నగా వెళ్తుంది. మోకాళ్ల దగ్గర నుంచి వస్తే బట్టలకూ సీట్లకూ తగిలి అక్కడే ఆగిపోతుంది.

ఇంకో సంగతి. స్టీరియో డబ్బా మీద '50 వాట్లు, నాలుగు స్పీకర్లకు' అని రాసుంటుంది. అది ఒక్క క్షణం పాటు వచ్చే గరిష్ఠం. నిలకడగా ఇచ్చే శక్తిని 'ఆర్‌ఎంఎస్' అంటారు. అది ఒక్కో స్పీకరుకు 15 నుంచి 20 వాట్లే. బ్యాటరీ 12 ఓల్టులదైనప్పుడు అంతకంటే ఎక్కడి నుంచొస్తుంది? అందుకని వేరే యాంప్లిఫయరు పెట్టదలచుకోనివాళ్లు తక్కువ శక్తికే గట్టిగా మోగే స్పీకర్లు చూసుకోవాలి. నేనూ అలాగే ఆరున్నర అంగుళాల జత, వాటికి రెండు ట్వీటర్లు, తలుపులకు అంటించే రబ్బరు షీట్లు కొనుక్కుని ఊరికి బయల్దేరాను.

వేపచెట్టు కింద వర్క్‌షాపు

ఆడవాళ్లు బతుకమ్మకు తంగేడు పూలు సర్దుతుంటే, నేను వేపచెట్టు కింద కారు తలుపులు తెరిచి కూర్చున్నాను. ముందుగా చెయ్యాల్సింది, బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పడం. పది నంబరు స్పానరుతో పని అయిపోతుంది. తర్వాత తలుపు హ్యాండిల్ వెనక దాక్కున్న స్క్రూలు. అవి విప్పి అట్టను గుంజితే క్లిప్పులు టపటపా ఊడాయి. మొదటి తలుపుకే రెండు విరగ్గొట్టాను.

'బలం పెట్టకురా... అది ఏడ పట్టుకున్నదో సూడు ముందుగాల' అన్న మాట వినపడింది. గద్దె మీద కూర్చుని పేపరు చదువుతున్న బాపు ఎప్పుడు లేచొచ్చాడో లేచొచ్చాడు. నా చేతిలోని స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. రెండో తలుపు అట్ట ఒక్క క్లిప్పూ విరగకుండా ఆయన చేతిలోకి వచ్చేసింది. ఆ రెండు రోజులూ నేను హెల్పర్‌ని, ఆయన ఫిట్టరు!

అట్ట వెనక పల్చటి ప్లాస్టిక్ కాగితం ఉంటుంది. అద్దం సందులోంచి దిగే వాననీళ్లు లోపలికి రాకుండా ఆపేది అదే. దాన్ని చించకూడదు. కంపెనీ వైర్లు కోయకూడదు. కోస్తే వారంటీతో పేచీ. అందుకే మన స్పీకరుకూ కారు వైరుకూ మధ్య కప్లర్లు దొరుకుతాయి. పసుపుపచ్చ కనెక్టర్లు కనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోవాలి. అవి ఎయిర్‌బ్యాగులవి. ముందు అద్దం పక్క స్తంభంలో ఎయిర్‌బ్యాగు ఉన్న కార్లలో ట్వీటరు అక్కడ పెట్టకూడదు. మా కారులో స్తంభం జోలికి పోకుండా, అద్దం మూల ప్లాస్టిక్ ముక్కలో అమర్చాం.

ఏ వైరు ప్లస్సు, ఏది మైనస్సు అనే దగ్గర నేను ఆగిపోయాను. బాపు గోడ గడియారంలోని సెల్లు తీసుకొచ్చాడు. ఆ ఒకటిన్నర ఓల్టు సెల్లును స్పీకరు తీగలకు ఒక్క క్షణం తాకిస్తే, కోను ముందుకు ఉబికితే సెల్లు ప్లస్సు తగిలిన తీగే స్పీకరు ప్లస్సు. ఒకవైపు సరిగ్గా, రెండోవైపు తిరగేసి కలిపామనుకోండి. ఒక కోను ముందుకొస్తుంటే ఇంకోటి వెనక్కి పోతుంది. గంభీరమైన శబ్దం ఒకదాన్నొకటి చంపేసుకుంటుంది. ఎంత ఖరీదు స్పీకరైనా తుస్సే.

అన్నీ బిగించి పాట పెడితే ఎడమ తలుపులో గరగర. ఎక్కడో తెలియదు. నేను చెవి ఆనించి వెతుకుతున్నాను. బాపు మాత్రం కళ్లు మూసుకుని అరచెయ్యిని తలుపు మీద మెల్లగా జరుపుతూ పోయాడు. ఒకచోట ఆగి 'గీడ అదురుతున్నది' అన్నాడు. విప్పి చూస్తే తాళం కడ్డీ రేకుకు తగులుతోంది. అక్కడ రబ్బరు షీటు ముక్క అంటించగానే గరగర పోయింది. మిల్లులో బేరింగు పోయిందో లేదో స్క్రూడ్రైవర్ ఆనించి వేళ్లతోనే చెప్పేవాడట. నేను మురిసిపోయాను. చెవులున్న నేను వెతకలేనిదాన్ని ఆయన వేళ్లతో ఎందుకు విన్నాడో అప్పుడు తట్టలేదు!

కళ్లు మూసుకో తాతా...

రెండో రోజు సాయంత్రానికి పని పూర్తయింది. అందరం కారులో కూర్చున్నాం. 'మల్లీశ్వరి' పాట పెట్టాను. సాలూరి రాజేశ్వరరావు వాద్యాలు ఒక్కొక్కటీ విడివిడిగా ఎదురుగా వచ్చి నిల్చున్నట్టుంది. భానుమతి ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది. మా ఆవిడ 'అబ్బ' అంది. నేను బాపు వంక చూశాను. ఆయన నా మొహం చూస్తున్నాడు.

'మస్తున్నది బిడ్డా' అన్నాడు. ఒక్క నిమిషం ఆగి... 'జర పెంచు' అన్నాడు.

నా ఉత్సాహమంతా నీరుగారిపోయింది.

అప్పుడే మా పాప నా ఫోను లాక్కుంది. స్పీకర్లు పరీక్షించడానికి నేను దించుకున్న యాప్ అందులో ఉంది. కూ...మని మొదలై మెట్టుమెట్టుకూ సన్నబడే శబ్దాలు. 'వినపడితే అందరూ చెయ్యెత్తండి' అని ఆట మొదలెట్టింది. 500 హెర్ట్జ్... అందరి చేతులూ లేచాయి. 1000... లేచాయి. 2000... లేచాయి. 4000 దగ్గర అందరివీ లేచాయి. బాపుది అర క్షణం ఆలస్యంగా లేచింది. 8000... మళ్లీ అంతే.

పిల్లలు పట్టేస్తారు. 'తాతా... నువ్వు నా చెయ్యి చూసి ఎత్తుతున్నవ్! తొండి! కళ్లు మూసుకో' అంది.

బాపు నవ్వి కళ్లు మూసుకున్నాడు. 2000 దగ్గర చెయ్యి కొంచెం లేచి ఆగింది. 3000, 4000, 6000... చెయ్యి తొడ మీదే ఉంది. కారంతా కీచుమంటోంది. ఆయన మాత్రం కళ్లు మూసుకుని, ఆట ఇంకా మొదలుకానట్టు ప్రశాంతంగా కూర్చున్నాడు. నేను చెయ్యి చాచి స్టీరియో ఆపేశాను. ఆపినట్టు కూడా ఆయనకు తెలియలేదు.

పోరు పెట్టకుండ ఉంటరని...

ఆ రాత్రి గద్దె మీద ఆయన పక్కనే, ఆయన మొహానికి ఎదురుగా కూర్చుని అడిగాను. 'బాపూ... ఎన్నాళ్ల సంది ఇనవడుతలేదు?'

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. 'ఇనవడుతది. గని ఏమన్నరో సమజ్ కాదు. మల్లమల్ల అడిగితే మీకు కోపమస్తది. కారుల పాట నడుస్తుంటే నన్నెవ్వరూ ఏం అడగరు గదా... అందుకే పెంచుమంట. ఆ పాటలన్నీ నాకు ఎర్కే.'

అందులో రెండు నిజాలున్నాయి. పాట ఆయనకు కంఠతా వచ్చు. వినపడని ముక్కల్ని జ్ఞాపకం పూరించేస్తుంది. మనిషి మాట అలా కాదు. ఎప్పటికప్పుడు కొత్తది. దాన్ని పూరించడం ఎవరి తరం? ఇన్నేళ్లూ మేం చాదస్తమనుకున్నది ఆయన తప్పించుకోవడం. మా విసుగు నుంచి తప్పించుకోవడం.

పండగ అయ్యాక కరీంనగర్‌లో చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆడియోమెట్రీ చేశారు. కాగితం మీద గీత 1000 హెర్ట్జ్ దాకా మెల్లగా నడిచి, 4000 దగ్గరికొచ్చేసరికి లోయలో పడ్డట్టు పడిపోయింది. వయసుతో కొంత, మోతతో ఎక్కువ అన్నారు డాక్టరు. ఎన్నో ఏళ్లు మోతలో పనిచేసినవాళ్లలో తొలి దెబ్బ సాధారణంగా ఆ 4000 చుట్టుపక్కలే పడుతుందట. లోపలి చెవిలో పుట్టుకతో వచ్చే రోమకణాలు పదిహేను, పదహారు వేలుంటాయి. పోయినవి మళ్లీ మొలవవు. కారుకైతే ఫ్యాక్టరీ స్పీకర్లు తీసి కొత్తవి వేసుకోవచ్చు. చెవికి కంపెనీ ఫిట్టింగు ఒక్కటే!

'సౌండు వస్తుంది, మాట తెలియదు' అన్న బాపు మాటకు అర్థం కూడా డాక్టరే చెప్పారు. మన మాటలో అచ్చులు గంభీరమైన శబ్దాలు. హల్లులు ఎక్కువగా సన్నని శబ్దాలు. తాత, పాప, కాక... ఈ మూడింట్లోంచి హల్లుల్ని తీసేయండి. మిగిలేది 'ఆ... అ' ఒక్కటే. మా పాప రోజుకు వందసార్లు 'తాతా' అని పిలుస్తుంటే ఆయనకు చేరేది అదే. నేను ఎంత సౌండు పెంచినా ఆ 'ఆ... అ' పెద్దదవుతుంది తప్ప అందులోకి 'త' వచ్చి చేరదు.

ఫ్యాక్టరీల చట్టం 1948లోనే వచ్చింది. మోత వల్ల వచ్చే చెవుడును కూడా వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చారు. బాపు ఆ మాట జీవితంలో వినలేదు. అంత పత్తి మధ్య పనిచేసి చెవిలో కాస్త దూదైనా పెట్టుకోలేదా అని నేనడిగితే డాక్టరు నవ్వారు. దూది మోతను పెద్దగా ఆపదట. ఫోమ్ ప్లగ్గులో, చెవులు మూసే మఫ్‌లో ఉండాలి. జిన్నింగ్ మిల్లులైనా, రైస్ మిల్లులైనా, రంపపు మిల్లులైనా... మీ ఇంట్లో అలాంటిచోట పనిచేసేవాళ్లుంటే ఈ ఒక్క మాట చెప్పండి.

కార్లలో బాక్సులు అదరగొట్టే కుర్రాళ్లకూ ఓ లెక్క. 80 డెసిబెల్స్ సౌండు వారానికి 40 గంటలదాకా ఫర్వాలేదంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అదే 90 అయితే వారానికి 4 గంటలే. పది పెరిగితే సమయం పదోవంతు. పక్కవాళ్లతో అరిచి మాట్లాడాల్సి వస్తోందంటే హద్దు దాటినట్టే.

ఆరోజు గోదారి దారిలో...

వినికిడి యంత్రం ఖరీదు వినగానే బాపు లేచి నిల్చున్నాడు. 'ఈ వయసుల నాకెందుకు?' అన్నాడు. ఆయన్ని ఒప్పించడానికి మాకు రెండు నెలలు పట్టింది. పెట్టుకున్నాకా తిప్పలే. ఫ్యాను మోత, గిన్నెల చప్పుడు, తన చెప్పుల చప్పుడు... అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. విసిగిపోయి డబ్బాలో పెట్టేసేవాడు. మొదట రోజుకో గంట, తర్వాత రెండు గంటలు పెట్టుకోమన్నారు డాక్టరు. యంత్రం చెవిలో పెట్టినా, అలవాటు కావాల్సింది మెదడుకట. అవ్వ గడియారం ముందు కూర్చుని కాపలా కాసింది. మేమూ మారాం. వంటింట్లోంచి కేకెయ్యడం మానేసి ఎదురుగా వచ్చి మాట్లాడుతున్నాం.

మొన్న సంక్రాంతికి మళ్లీ వెళ్లాను. సాయంత్రం అందరం కారులో గోదారి ఒడ్డుకు బయల్దేరాం. మా చెన్నూరు దగ్గర గోదావరి ఉత్తరానికి తిరిగి ప్రవహిస్తుందని ఊళ్లో అందరూ గొప్పగా చెప్పుకుంటారు. ఆ సంగతి వెనక సీట్లోంచి మా పాప ఏదో అడుగుతోంది. అలవాటు కొద్దీ నేను ఘంటసాల పాట పెట్టాను. కొత్త స్పీకర్లు, కొత్త ట్వీటర్లు... చక్కగా మోగుతున్నాయి. 15 దగ్గర ఉన్న సౌండును 20కి తిప్పబోయాను.

బాపు నా చెయ్యి పట్టుకున్నాడు.

'బంద్ చెయ్యి బిడ్డా... వెనక పోరి ఏమో అడుగుతున్నది' అన్నాడు.

రెండు రోజులు చెమటోడ్చి బిగించిన సిస్టమ్‌ను ఆపేశాను. బాపు వెనక్కి తిరిగి, నది ఎందుకు తిరిగిందో మనవరాలికి చెప్పడం మొదలుపెట్టాడు.